డెబ్బై రెండో గడి అవతల

పెద్దసారు పోయారని నాకు పాకాల బస్టాండులో తెలిసింది. ఫోన్ చేసింది ఆయనా నేనూ పనిచేసే మామిడిగుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు. "పెద్దసారు తెల్లారి పోయినాడంటప్పా" అన్నాడు. నేను నోరు తెరవకముందే, "కొత్త కాపీలో ఆయన పాత రాతలన్నీ తీసేసినావు కదా?" అని అడిగాడు. మనిషి పోయిన పూట రెండో మాటగా అది అడిగినవాణ్ణి నేను నమ్మను. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది రైతుల సహకార ఫ్యాక్టరీ. కాయల కాలంలో గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటాయి. ఎవరి బండి ఎప్పుడు లోపలికి పోవాలో కంప్యూటర్లోని టోకెన్ ప్రోగ్రాం చెబుతుంది. బండి వెనకబడితే ఆ ఎండకు కాయ మెత్తబడిపోతుంది. రైతు దాన్ని రోడ్డు పక్కన పారబోసి పోవాల్సిందే. ఆ ప్రోగ్రాంను పెద్దసారు వయసులో ఉన్నప్పుడు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాశారు. దాన్ని కొత్త పద్ధతికి మార్చడానికి నన్ను పెట్టుకున్నారు.

ఆ కోడును తెర మీద చూడగానే నాకు ఒళ్ళు మండింది. అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. పేర్లేమో రెండక్షరాల ముక్కలు. జనానికి అర్థం కాని భాషలో రాసిన నియమం దోపిడీకి కాపలా అని నేను చదివిన కరపత్రాలన్నీ చెప్పాయి. మొదటి రోజే అడిగేశాను: "ఎవరికీ అర్థం కాకూడదనే కదా సార్ ఇట్లా రాసినారు?"

ఆయన స్టీలు స్కేలు తీసి తెర మీద నిలువుగా ఆనించారు. "కోపం మంచిదేప్పా. ముందు సదువు, ఆమీట కోప్పడు."

ఆ కాలపు కోబాల్‌లో వరుసకు డెబ్బై రెండు అక్షరాల గడులే లెక్క; సారు స్కేలు ఆనించింది ఆ గీత మీదే. వాటి అవతల ఏం రాసినా మిషన్ పట్టించుకోదు. ఆ మిగిలిన చోటులో సారు, ఏ మార్పు ఎవరి మాట మీద చేశారో పొట్టి గుర్తులతో రాసేవారు. రైతుల సంఘం తీర్మానానికి ఒక గుర్తు, నోటిమాటకు ఇంకొకటి. అడిగితే ఎవరికైనా విప్పి చెప్పేవారు. "గీత దాటితే మిషన్ సూడదు. మనిసి సూడాల" అనేవారు.

కోడు రాయడానికి నేను తెచ్చిన కొత్త ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ను ఆయన వద్దనలేదు. రంగురంగుల అక్షరాలు చూసి, "తిరునాళ్ళ మాదిరి ఉండాదే!" అని నవ్వారు. కానీ దాన్ని నమ్మలేదు. నన్నూ నమ్మలేదు. నేను మార్చిన ప్రతి వరుసనూ పాతదాని పక్కన పెట్టి చూసేవారు. ఆయన ఏం దాస్తున్నారా అని నేను చూసేవాణ్ణి. ఇద్దరి మధ్యా టీ చల్లారిపోయేది.

ఒకనాడు ఎడిటర్‌లో వరుసలన్నీ సర్దిపెట్టే ఫార్మాట్ బటన్ నొక్కాం. కోడంతా చిన్న అక్షరాల్లోకి మారి, అచ్చు పుస్తకంలా కుదురుగా నిలబడింది. నాకు సంబరమైంది. సారు మాత్రం కుడి అంచు చూశారు. గుర్తులు ఒక్కటీ లేవు. చెత్త అనుకొని అది కోసేసింది.

"మొగం కడిగింది సరే, బొట్టు యాడబోయిందప్పా?" అన్నారు.

మళ్ళీ పాత కాపీ తెరిచాం. ఒక్కో గుర్తునూ విప్పి, ఆ వరుస పైన తెలుగులో, మిషన్ వదిలేసి మనిషి చదువుకునే కామెంటుగా రాయడం మొదలుపెట్టాం. ఆయన తెలుగు టైపింగు నేర్చుకున్నారు. ఒత్తులు పడక కీబోర్డును తిట్టేవారు. అట్లా ఒక చోటికి వచ్చాం. కొన్ని బండ్లను పక్క గేటు నుంచి వరుస దాటించే నియమం అది. దాని పైన సారే టైపు చేశారు: 'మేనేజరు నోటిమాట. సంఘం తీర్మానం లేదు.'

నాకు ఆగలేదు. "తప్పని తెలిసి ఎందుకు రాసినారు సార్? రాయనని అనుండచ్చు కదా?"

"అంటే ఇంగొకడు రాస్తాడు. వాడు ఎవురు చెప్పినారో రాయడు."

ఆ జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు. రైతు కాయ కుళ్ళుతుంటే అంచున గుర్తు పెడితే సరిపోతుందా? అయినా ఆ ప్రశ్న అడగనిచ్చారు, అదే నాకు పెద్ద మేలు. కసిరి కొట్టిన పెద్దలే నాకు ఎక్కువ తెలుసు. "నన్ను గూడా నమ్మొద్దబ్బా, అట్నే అడగతా ఉండు" అన్న పెద్ద ఆయనొక్కరే.

అంత్యక్రియల నుంచి తిరిగి వచ్చేసరికి మేనేజరు నా కుర్చీ దగ్గరే ఉన్నాడు.

"కామెంట్లు లేకుంటే కోడు నీటుగా ఉంటాదప్పా. మోడ్రన్ అంటే అదే కదా?"

"తీసేయమని సంఘం చెప్పిందా సార్?"

"నేను చెప్తా ఉండా కదా!"

మేనేజరు చూస్తుండగానే, పెద్దసారు రాసిన కామెంటు కింద టైపు చేశాను: 'దీన్ని తీసేయమని మేనేజరు నోటిమాట. తీయలేదు.' ఉద్యోగం మీద ఆశ లేదా అని అతను అరుస్తుంటే, ఆ పేజీ ప్రింటు తీసుకొని గేటు బయటికి నడిచాను.

వరుస చివర్లో ఒక రైతు ట్రాక్టరు నీడన కూర్చొని ఉన్నాడు. కాగితం అందుకొని, "అద్దాలు తేలేదు, నువ్వే సదువప్పా" అన్నాడు. అది పక్క గేటు నియమం మీద రాసిందని చెప్పి చదివాను. ఆయన పక్క గేటు వైపు చూశాడు.

"మళ్ళా సదువు. గట్టిగా."

ముందు బండ్లవాళ్ళు దిగి దగ్గరికి వచ్చారు. సారు మాటలు నేను మళ్ళీ చదువుతుంటే, ఆ రైతు తన ట్రాక్టరు ఎక్కి, పైనున్న కాయలను ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కి చూసుకుంటున్నాడు.