పరచని నలభై అడుగులు

"టేపు పూరా పరవాలె. ఒక్క అడుగు గూడ ఇడిసిపెట్టద్దు," అన్నాడు సూపర్‌వైజర్.

"మన్నుల కలిసేదానికి గింత మంచి టేపా? ఎవలు సూడాలె సారు దీన్ని?" అన్నాను.

"తవ్వెటోడు సూడాలె. కేబుల్ కంటె ముందు వానికి గిదే కనవడాలె."

"గీ రాతి నేలల ఎవడు తవ్వుతడు? తవ్వె మిషిన్ పండ్లే అరిగిపాయె."

"అవ్వా, ఆర్డర్ అంటే ఆర్డర్."

గంప దించుతూ, నాతో జంటగా పని చేసే నా జోడీ నవ్వింది. "ఊకోండ్రి సారూ. మా అవ్వ తెగిన పోగు గూడ కొంగుల ముడేసుకుంటది. మీరు జెప్తె ఇంటదా?"

కోరుట్లలో బస్సు దిగిన మూడు గంటలకే ఈ కొట్లాట. మా డ్యూటీకి అది మొదటి రోజు.

మాది సిరిసిల్ల. పవర్‌లూముల దగ్గర కండెలు చుట్టి బతికాను. చదువు మూడో తరగతి. అక్కడ పని తగ్గాక కేబుల్ కాలువ పనికి వచ్చాను. సూపర్‌వైజర్ మిలటరీలో లైన్లు వేసి రిటైరైన మనిషి. పొద్దున ఏడింటికి వరసలో నిలబెట్టి హాజరు తీసేవాడు. పనిని డ్యూటీ అనేవాడు. మేమూ అలాగే అన్నాం. సామాను గడ్డపార, పార, గంప, నీళ్ల సీసా, తలకు తువ్వాల.

మెత్తటి నేలలో లోతు ఐదున్నర అడుగులు. రాతిలో మూడే. పొలాల వెంట ఎలుకలు కొరుకుతాయని ఇనుప రేకు చుట్టిన కేబుల్‌ను జగిత్యాల నుంచి తెప్పించాడు. లోపల పన్నెండు గాజు పోగులు, వెంట్రుకంత సన్నవి. ముట్టబోతే జాయింటర్ నా చెయ్యి పట్టి ఆపాడు. పోగులు అతికే పని అతనిది.

"ముట్టకవ్వా. గుచ్చుకుంటే కంటికి గూడ కనవడది. లోపల్నే ఉంటది."

కేబుల్ మీద మన్ను, మన్ను మీద పసుపు టేపు, దాని మీద మళ్లీ మన్ను. టేపు మీద పెద్ద అక్షరాలు: కింద కేబుల్ ఉంది.

ఆ రాతి బిట్టులో నలభై అడుగులు నేను టేపు పరచలేదు. సూపర్‌వైజర్ టీకి పోయినప్పుడు కొడవలితో కోసి సంచిలో పెట్టుకున్నాను. ఆదివారం ఇంటికి పోయి పెరట్లో మక్కజొన్నల మీద కట్టాను. గాలికి పటపటలాడితే చిలుకలు వాలవు. జోడీకి కూడా చెప్పలేదు.

లైను పూర్తయ్యాక పరీక్ష: ఒక కొస నుంచి పోగుల్లోకి వెలుగు పంపి అవతల చూడాలి. జాయింటర్ కోరుట్ల గదిలో మిషిన్ దగ్గర, సూపర్‌వైజర్ అవతలి కొసన. మధ్యలో ఫోను.

"సారూ, ఎలుగు అచ్చిందా?"

"అచ్చింది. పన్నెండుకు పన్నెండు మంచిగున్నయ్."

చుట్టుపక్కల సెల్ టవర్లను ఆ లైనుకు కలిపారు. మా ఇద్దరినీ కాపలాకు ఉంచారు. ఆరు కిలోమీటర్లు, రోజుకు రెండుసార్లు నడవాలి. ఎవరు తవ్వినా ఆపాలి.

జోడీ భర్త గల్ఫులో ఉండేవాడు. ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో పడ్డాడు. అతనితో ఒకే గదిలో ఉండే ఊరి మనిషి రోజూ మధ్యాహ్నం రెండున్నరకు వీడియో కాల్ చేసి చూపించేవాడు. ఆ వేళకు మేము ఎక్కడున్నా ఆగేవాళ్లం.

ఆ రోజు ఐదో కిలోమీటరు దగ్గర ఆగాం. ఎండ మండుతోంది. మూడు రోజులుగా కళ్లు తెరవని మనిషి కళ్లు తెరిచాడు. మూతికి మాస్కు ఉంది.

"నేనేనయ్యా. జెప్పు, ఏందో జెప్పు," అంది జోడీ.

మాస్కు తీయడానికి అతను చెయ్యి ఎత్తాడు. బొమ్మ కదలక చెయ్యి సగంలో ఆగింది. కాసేపటికి ఫోన్ నల్లబడింది. టైం రెండు ముప్పై ఎనిమిది. నా ఫోన్‌లోనూ సిగ్నల్ లేదు.

మూడుంబావుకు జాయింటర్ బండి మీద వచ్చాడు.

"లైను తెగింది. మూడు వేల నూట నలభై మీటర్ల కాడ అని మిషిన్ సూపెడ్తంది."

రెండు వందల మీటర్లకు ఒక గుర్తు రాయి పాతాం. పదిహేనో రాయి దాటి నూట నలభై మీటర్లు. ఆ లెక్కకు మూడో తరగతి చాలు. అది నా రాతి బిట్టు.

నీళ్ల పైపు కోసం జేసీబీ అక్కడ గుంత తీసింది. డ్రైవర్ తల పట్టుకుని కూర్చున్నాడు. "టేపు కనవడితే ఆపుదును సారూ. ఏం కనవడలే."

సూపర్‌వైజర్ పక్కకు తవ్వించాడు. ఆరడుగుల అవతల టేపు కొన దొరికింది. చిరిగింది కాదు, కోసింది.

"నేనే కోసిన సారు," అన్నాను. "మక్కల మీద కట్టిన."

జోడీ నా ముఖం చూసింది. పోయి గొడుగు తెచ్చి జాయింటర్ మీద పట్టింది, ఎండ పడకపోతే తొందరగా అతుకుతాడని. ఆరు యాభై దాకా ఆ గొడుగు దించలేదు.

సిగ్నల్ రాగానే ఫోన్ చేసింది. అవతలి మనిషి గొంతు నాకూ వినిపించింది. "ఇప్పుడు సోయి లేదక్కా. నీ ఫోన్ కట్టయినంక మస్తుసేపు మాట్లాడిండు. నీ పేరు ఒక్కటే సమజయింది."

సూపర్‌వైజర్ నన్ను తిట్టలేదు. "నీ డ్యూటీ అయిపోయింది, ఇంటికి పో," అన్నాడు. ఆ రాత్రే సిరిసిల్లకు వచ్చేశాను. తర్వాతి ఏళ్లలో కండెలు, కాలువలు, ఎండలు చాలా మరిచిపోయాను. సగంలో ఆగిన ఆ చెయ్యి మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు.

నేను ఇల్లు చేరిన మరునాడు పొద్దున ఆరుంబావుకు పెరట్లో మక్కల మీది టేపు విప్పుతున్నాను. ఫోన్ మోగింది. జోడీ.

"అవ్వా, పొయ్యిండు."

పక్కన నిలబడి చెప్పినట్టు వినిపించింది. మాట ఎక్కడా తెగలేదు.