కొంగల రీలు

ఒక చిన్న మాట ఇన్నేళ్ళుగా నా గుండెల మీద బండలా ఉంది. విన్నవాళ్ళకు అది అబద్ధంలా కూడా అనిపించదు. అందుకేనేమో ఎవరూ నన్ను నిలదీయలేదు. నిలదీసి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నా? ఏమో. అప్పటి నన్ను నేను ఇప్పటికీ నమ్మను. నా పేరు అడగకండి. మీరెవరో నాకూ తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల మొదటి రోజులు. మా ఆయన దానియేలు గోదావరిఖనిలో బొగ్గుబాయి కింద పంపు నడిపేవాడు. మాకు పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు, పిల్లలు ఇంకా లేరు. బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర ఆయన పాత కెమెరా కొన్నాడు. మొదట నన్నే ఫొటోలు తీస్తాడనుకున్నాను. చర్చికి కట్టుకునే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను కూడా. ఒక్కటి తీశాడు. ఆ తర్వాత ఆ కెమెరా కొంగలదైపోయింది.

కమాన్‌పూర్ వైపు ఒక ఊరి వెనక చెరువు పక్కన చింతచెట్లుండేవి. వానాకాలం వస్తే వాటి నిండా గూళ్ళే. తెల్లకొంగలు, గుడ్డికొంగలు, బూడిదరంగు నారాయణ పక్షులు. ఆ ఊరివాడే కొమురయ్య. మా ఆయనతో ఒకే షిఫ్టు. వయసులో చిన్న కాబట్టి ఆయనను అన్నా అనీ, నన్ను వదినె అనీ పిలిచేవాడు. ఆదివారమైతే ఇద్దరూ సైకిళ్ళ మీద అక్కడికి పోయేవాళ్ళు. నేనొక్కదాన్నే ప్రార్థనకు పోయేదాన్ని. మీ ఆయన ఏడని ఆడవాళ్ళు అడిగితే చెప్పడానికి సిగ్గయ్యేది. పెళ్ళయిన మగవాడు పొద్దంతా కొంగల కోసం కాచుకుని కూర్చుంటాడంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు.

ఆయన మాత్రం ఎంతో ఇష్టంగా చెప్పేవాడు. కొమ్మలూ గడ్డీ అల్లిన చాటులో, మోకాళ్ళ నీళ్ళలో, కదలకుండా నిలబడాలట. తల్లికొంగ వచ్చి పిల్ల నోట్లో చేపను పెట్టే క్షణం కోసం ఊపిరి బిగబట్టాలట. ఇంటికొచ్చాక ఆయన కాళ్ళ మీద జలగలు పట్టిన గాట్లుండేవి. వాటికి నేనే పసుపు రాసేదాన్ని. రాస్తూ రాస్తూ ఆయన మొహం చూసేదాన్ని. గాట్లు నిజమే, మరి ఈ మొహంలో వెలుగు దేనికి?

ఒకసారి స్టూడియో నుంచి వచ్చిన ఫొటోల్లో ఒకదాని అంచున గాజుల చెయ్యి కనబడింది. ఎవరిదని అడిగాను. కొమురయ్య చెల్లె రాజవ్వదని, కుక్కలు రాకుండా అక్కడ నిలబడిందని చెప్పాడు. చెప్పేటప్పుడు తలెత్తలేదు. లేక ఎత్తాడేమో, నేనే అలా గుర్తు పెట్టుకున్నానేమో. రాజవ్వ మొగుణ్ణి వదిలి పుట్టింట్లో ఉంటోందని తర్వాత ఎవరో చెప్పారు. ఇక అప్పటి నుంచి నాకు అదే పని. ఆయన చొక్కా వాసన చూసేదాన్ని. తువ్వాలలో జొన్నరొట్టె ముక్క దొరికితే ఎవరి చేత్తో చేసిందో అనుకునేదాన్ని. కొమురయ్య నవ్వుతూ పలకరించినా, అన్నీ తెలిసి దాచిపెట్టే నవ్వులా తోచేది. ఆయనను ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అడగకుండా ఉంటే ఆ భయం ఇంకా పెరిగేది.

ఆ ఏడు చింతచెట్ల మొదళ్ళకు ఎర్ర రంగు పూసి పోయారు. బాయిదాకా కొత్త రోడ్డు పడుతుందట, చెట్లు కొట్టేస్తారట. గూళ్ళను, పిల్లలను ఫొటోలు తీసి పెద్ద ఆఫీసరుకు చూపిస్తే రోడ్డును కాస్త పక్కకు జరపకపోతాడా అని మా ఆయన ఆశ. కొమురయ్య ఆశ ఇంకా పెద్దది. ఆ కొంగలు వాలని వానాకాలాన్ని అతను పుట్టి ఎరుగడు. ఆదివారం చాలక ఆయన సెలవు పెట్టి మరీ పోయి రీలు పూర్తిచేశాడు. చివరి రోజు జోరువాన. కెమెరా తడుస్తుందని మా ఆయన దాన్ని కొమురయ్య ఇంట్లోనే వదిలేసి డ్యూటీకి పోయాడు. మర్నాడు కొమురయ్య దాన్ని గొంగట్లో చుట్టుకుని తెచ్చి నా చేతికిచ్చాడు. ఆయన బజారుకు పోయి ఇంట్లో లేడు.

కొమురయ్య వెళ్ళాక తలుపు వేశాను. మా ఆయన వెనక మూత ఎలా తీస్తాడో చాలాసార్లు చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలియదు. మూత తీశాను. నాకు కొంగలతో పనిలేదు. లోపల రాజవ్వ ఉందేమో చూడాలి. రీలును కిటికీ వెలుతురులోకి చివరిదాకా లాగాను. అందులో ఏమీ లేదు. కొంగ లేదు, మనిషి లేదు. పాలిపోయిన బూడిదరంగు పట్టీ, అంతే. స్టూడియోలో కడిగితే తప్ప బొమ్మ కనబడదని నాకు తెలియదు. వెలుతురు తగిలితే అంతా పోతుందనీ తెలియదు. అది నిజంగా తెలియకే చేశాను. ఈ ఒక్క విషయంలో నన్ను నమ్మండి. ఎలా ఉన్నదాన్ని అలా చుట్టి, మూత పెట్టేశాను. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం మనసు తేలికపడి ఆయనకిష్టమైన పులుసు వండాను.

మంచిర్యాల స్టూడియో నుంచి రీలు నల్లగా తిరిగొచ్చింది. ఎవరో వెలుతురులో మూత తీశారని స్టూడియో ఆయన చెప్పాడట. ఆ సాయంత్రం మా ఆయన కొమురయ్యను మా క్వార్టరుకు పిలిపించాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

“మీ ఇంట్లనే ఉండె గదా కొమురయ్యా. ఎవరు తెరిచిండ్రు?”

“ఎవరు తెరుస్తరన్నా. మూట కట్టి దూలానికి వేలాడదీసిన. పోరగాండ్లను గుడ రానియ్యలె.”

“రోడ్డు వడితే భూమి పోయినోళ్ళకు కొలువు ఇస్తరంటున్నరు. మీ తమ్మునికి కొలువు కావాలె. గంతేనా?”

కొమురయ్య నా వైపు తిరిగాడు.

“వదినె, నువ్వన్న చెప్పు. నీ చేతికే ఇచ్చిన గదా. అప్పుడు మంచిగనే ఉన్నది గదా.”

నేను గిన్నె మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

“నాకేం తెలుస్తది కొమురయ్యా. నువ్వు ఎట్ల ఇస్తివో గట్లనే పెట్టిన.”

అదే ఆ మాట.

కొమురయ్య నా వైపే చూస్తూ ఉన్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అతనికి అర్థమైందా? అర్థమై, నా కాపురం కూలుతుందని ఊరుకున్నాడా? గొంగడి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను పోసిన చాయ్ అలాగే ఉండిపోయింది.

ఎండాకాలంలో చెట్లు కొట్టేశారు. వానలు పడగానే కొంగలు వచ్చాయట, చెట్లున్న చోటు మీద తిరిగి తిరిగి ఎటో వెళ్ళిపోయాయట. ఫొటోలు చూపించినా రోడ్డు ఆగేది కాదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కావచ్చు. కానీ కొమురయ్య సంగతి? కొలువు కోసం సొంత ఊరి చెట్లను అమ్ముకున్నాడని మా ఆయన బాయి దగ్గర నలుగురికీ చెప్పాడు. అతనితో కూర్చుని సద్ది తినేవాళ్ళు తగ్గిపోయారు. కొమురయ్య అడిగి మరీ బెల్లంపల్లికి బదిలీ చేయించుకుని పోయాడు. మా ఆయన మళ్ళీ కెమెరా ముట్టలేదు. ఇంట్లో మాటలు తగ్గాయి. ఆదివారాలు నా పక్కనే చర్చిలో కూర్చునేవాడు. నేను కోరుకున్నది అదే కదా. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ చదివేటప్పుడు నా పెదవులు కదిలేవి, గొంతు మాత్రం వచ్చేది కాదు.

తర్వాతెప్పుడో దవాఖానలో రాజవ్వ కనబడింది. తనే గుర్తుపట్టి పలకరించింది. పిట్టల అన్న మంచిగున్నడా అని అడిగింది. అందులో తప్పేమీ లేదు. అయినా ఆమె గొంతులో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. అంత జరిగాక కూడా. మీకు చెప్పడానికి అన్నిటికంటే సిగ్గనిపిస్తున్నది ఇదే.

ఆయన పోయినప్పుడు కొమురయ్య బెల్లంపల్లి నుంచి వచ్చాడు. జుట్టు నెరిసింది. అందరూ వెళ్ళేదాకా సమాధుల గేటు దగ్గరే నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. తిని పొమ్మని మాత్రం అన్నాను. అతను తల అడ్డంగా ఊపి బస్సుకు వెళ్ళిపోయాడు. ఇప్పటికీ బెల్లంపల్లిలోనే ఉన్నాడని విన్నాను. అక్కడికి బస్సు ఉంది. నాకు కాళ్ళున్నాయి.

వెళతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ ఎంతో ఇప్పుడు మీకు తెలుసు. కానీ ఇంతకాలం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేకపోయినదాన్ని ఈ రోజు అంటున్నాను. ఆ రీలు తెరిచింది కొమురయ్య కాదు. నేను. తెలిసీ అతని మీదకు తోసింది నేను.

అన్నాను. ఇన్నేళ్ళకు ఊపిరి కిందిదాకా పోతోంది.