కోదాడ బస్సు పప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వంట నేర్చుకున్నది నేను కాదు, మా తాతయ్య. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూస్తారు. ఏం, నేర్చుకోకూడదా? జీవితమంతా నాగలి పట్టిన మనిషి, వయసు మళ్ళాక గరిటె పట్టాడు. అదీ ఎక్కడ? అల్లుడింట్లో! ఎందుకు పట్టాల్సి వచ్చిందో చెబుతాను.

మిర్యాలగూడలో మా ఇల్లు బస్సులు తిరిగే రోడ్డు మలుపు మీద ఉండేది. నాన్న బియ్యం మిల్లులో పనిచేసేవాడు. నేను ఏడో తరగతి, తమ్ముడింకా బడికి పోని పసివాడు. ఆ యేడు అమ్మకు ఛాతీ జబ్బు చేసింది. సూర్యాపేట దవాఖానలో చూపించి, అక్కడే మా చిన్నమ్మ ఇంట్లో ఉంచారు. నెలల తరబడి మందులు వాడాలని, అప్పటిదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు చెప్పాడట. మా పొయ్యి చల్లబడిపోయింది. కోదాడలో ఉండే మా మేనత్త, అంటే నాన్నకు అక్క, వెంటనే కబురు పంపింది. ఇంట్లో ఆడపిల్లను పెట్టుకుని తిండికి తిప్పలేమిటని, నన్ను బడి మాన్పించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టమని. నాన్న అవుననలేదు, కాదనలేదు. అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేదు. నాకేమో ఏడో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఒకసారి బడి మానిన ఆడపిల్ల మళ్ళీ బడికి పోవడం మా వాడలో నేనెన్నడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడు దిగాడు మా తాతయ్య. అమ్మకు నాన్న. నిడమనూరు దగ్గర పొలాన్ని పాలికిచ్చి, భుజాన బట్టల మూటతో వచ్చాడు. అమ్మమ్మ అప్పటికే లేదు. గడపలోకి అడుగు పెడుతూనే, "పిల్ల బడికి పోతది. వంట నేను జేస్త," అన్నాడు.

నాన్న నోరు తెరిచాడు. "నీకు వంటొస్తదా మామా?"

"రాదు. నేర్సుకుంట."

అంతే. ఆయన మాటలు అట్లాగే ఉండేవి, పొడిగా, కొసలు తెంపినట్టు. ఆ మర్నాడు ఆయన వండిన అన్నం కింద మాడి, నడుమ ముద్దయి, పైన పలుకుగా ఉంది. తమ్ముడు ఏడ్చాడు. తాతయ్య మాత్రం ఒక్క మెతుకు వదలకుండా తిని, చెయ్యి కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటి అక్క గడప ముందు నిలబడ్డాడు. అన్నం ఎట్ల వండుతారో చెప్పు బిడ్డా, మా పిల్ల రాసుకుంటది అన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన కదల్లేదు. నవ్వడం అయ్యేదాకా నిలబడి, మళ్ళీ అదే అడిగాడు. ఇక చేసేది లేక ఆమె చెప్పింది.

అట్లా మొదలైంది మా వంట పుస్తకం. తాతయ్యకు చూపు తగ్గింది, చదువు కూడా పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నదే. అందుకని అక్షరాలు పెద్దవిగా ఉండాలన్నాడు. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన పాత క్యాలెండర్ల కాగితాలు తిరగేసి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట నేను రాసేదాన్ని. మిల్లులో బియ్యం బస్తాలు కుట్టే దబ్బనం, సుతిలి నాన్న తెచ్చాడు. ఆ కాగితాలన్నీ కలిపి కుట్టి, పొయ్యి ఎదురుగా గోడకు మేకు కొట్టి వేలాడదీశాం. తాతయ్య గరిటె పట్టుకుని, తలెత్తి, వేలితో ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ చదువుతూ వండేవాడు.

ఆడవాళ్ళు చెప్పినదాన్ని ఆయన తన భాషలోకి తిప్పి నాతో రాయించేవాడు. అన్నానికి ఎసరు నారుమడిలో నీళ్ళు నిలబెట్టినంత ఉండాలె. ఉప్పు చేన్ల మందు చల్లినట్టు చల్లొద్దు, కొంచెం ఏసి నాలుకనడుగు. మిరపకాయ పచ్చిపులుసుల పిసికినంక కన్ను నలుపుకోవద్దు. ఈ చివరిది ఎవరూ చెప్పింది కాదు, ఆయనకే జరిగింది! మొదట్లో నవ్విన ఆడవాళ్ళు పోనుపోను పోటీ పడ్డారు. ఒకామె పుంటికూర, అంటే గోంగూర, చెబితే ఇంకొకామె అట్ల కాదు, మా ఇంట్లో ఇట్ల అని వచ్చేది. తాతయ్య ఇద్దరిదీ రాయించేవాడు. రోడ్డు మీది చాయ్ హోటల్లో మగవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ముసలాయన అల్లుని ఇంట్ల గరిటె తిప్పుతున్నడంట అని ఆయన వినేట్టే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన చాయ్ తాగి గ్లాసు పెట్టి, "నాగలి తిప్పిన చెయ్యికి గరిటె బరువా?" అని ఇంటికొచ్చి చింతపండు నానబెట్టాడు.

ఆ పుస్తకంలో పప్పు పేజీ పక్కింటి అక్కది. వాళ్ళింట్లో గడియారం లేదు. మిల్లు సైరన్ మోగగానే పప్పు ఎక్కిస్తానని, కోదాడ నుంచి వచ్చే పొద్దుటి బస్సు మన మలుపు మీద హారన్ కొట్టగానే దించుతానని, నడుమ మూత తీయననీ ఆమె చెప్పింది. నేను అక్షరం పొల్లుపోకుండా రాశాను. తాతయ్యకు రాతంటే దేవుడి మాట. రాసి ఉంటే ఇక తిరుగులేదు. ఆ లెక్కన రోజూ పప్పు చక్కగా ఉడికేది కూడా.

ఇంతలో మేనత్త తానే వస్తున్నానని కబురు చేసింది. ఆదివారం వచ్చి ఇల్లు ఎట్లా నడుస్తుందో చూస్తానని, నడవకపోతే సోమవారం నుంచి పిల్ల బడికి పోయేది లేదని. నాన్న ఈసారి తలూపాడు. తాతయ్యకు ఆ సంగతి తెలిసి, "రానియ్, బువ్వ పెడ్త," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. మాది ఊక పొయ్యి. మిల్లు నుంచి తెచ్చిన ఊకను కూరి ఒకసారి ముట్టిస్తే అదే పనిగా మండుతూ ఉంటుంది, సెగ తగ్గించడం మన చేతిలో ఉండదు. సైరన్ మోగింది. పప్పు ఎక్కింది. అంతకుముందే ఉడికిన అన్నం వార్చాడు. పచ్చిపులుసు కలిపాడు. పప్పు మూత మూతగానే ఉంది. బస్సు రాలేదు. నేను గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతున్నాను. కాసేపటికి ఏదో వాసన. తాతా, మాడుతున్నట్టుంది అన్నాను. ఆయనకు నశ్యం అలవాటు, ముక్కుకు వాసన పెద్దగా తెలియదు.

"హారన్ మోగిందా?"

"లేదు తాతా."

"ఐతె ఇంక ఉడకలే."

"తాతా, నిజంగా మాడుతుంది!"

"ఏం రాసినవ్? హారన్ మోగిందాక మూత తియ్యొద్దని రాసినవా లేదా?"

రాసింది నేనే, ఏమనను? చివరికి మలుపు మీద హారన్ మోగింది. తాతయ్య గెలిచినవాడిలా నవ్వి మూత తీశాడు. నల్లటి పొగ గుప్పుమని లేచింది. ఆ పొగలోంచే, దుమ్ముకొట్టుకుపోయిన చీరతో, సంచి పట్టుకుని మా మేనత్త లోపలికి వచ్చింది.

గిన్నెలోకి చూసింది. తాతయ్యను చూసింది. గోడకు వేలాడుతున్న క్యాలెండర్లను చూసింది. "ఇదా మీ సంసారం? మగాళ్ళు వండటం, పిల్ల పుస్తకాలు పట్టుకు తిరగటం! చాలు మామా, నువ్వు పడ్డ కష్టం చాలు. రేపటి నుంచి పొయ్యి సంగతి అదే చూసుకుంటది," అంది. నాన్న నేల చూపులు చూస్తున్నాడు.  అయిపోయింది, నా బడి ఆ గిన్నె అడుగున అంటుకుపోయింది అనుకున్నాను.

తాతయ్య లేచి, మేకు నుంచి పుస్తకం తీసి, పప్పు పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. "కొట్టెయ్ బిడ్డా. బస్సు ముచ్చట కొట్టెయ్. ఇయ్యాల బస్సు ఆలస్యమైంది, పప్పు మాడింది అని రాయి. మూత తీసి, గింజ నలిపి సూసుకోవాలె అని రాయి." తర్వాత అత్త వైపు తిరిగి, బస్సు ఎందుకు ఆలస్యమైందని ఎంతో మర్యాదగా అడిగాడు. టైరు పేలిందని, హుజూర్‌నగర్ దాటాక ఎండలో నిలబెట్టారని ఆమె చిరాకుగా చెప్పింది. "గది గూడ రాయి. టైరు పేలింది."

అత్తకు నవ్వు రాబోయింది, ఆపుకుంది. ఆపుకుని, నవ్వులాట కాదు మామా అంది. ఆడపిల్ల వంట చెయ్యాలన్నది నేను పెట్టిన మాటా, ముందు నుంచీ ఉన్న మాటే కదా అంది.

"బస్సు మాట గూడ నేనొచ్చేటప్పటికే ఉన్నది బిడ్డా. పప్పు మాడినంక దిద్దుకుంటిమి. గిన్నె తోముకుంటె పోయె. పిల్ల సదువు మాడినంక దిద్దుకుందమంటె ఎట్ల? అది తోమితె పోతదా?"

 తాతయ్య జవాబు కోసం చూడలేదు. ఇంకో గిన్నె తెచ్చి, పప్పు కడిగి, మళ్ళీ ఎక్కించాడు. ఈసారి మాటిమాటికీ మూత తీసి గింజ నలిపి చూస్తున్నాడు. చేతులు కాలుతున్నాయి, అయినా చూస్తున్నాడు. మా అత్త సంచి కింద పెట్టకుండా అట్లాగే నిలబడి చూసింది. ఆమెకు చదువు లేదు. తనకు పొయ్యి ఎవరు అప్పగించారో, ఏ వయసులో అప్పగించారో అప్పుడు గుర్తొచ్చిందేమో, నాకు తెలియదు. చివరికి సంచి దించి, "మూత అట్లా కాదు, పక్కకు వాల్చి పెట్టు, పొంగుద్ది," అంది. తర్వాత నాన్న మీద విరుచుకుపడింది. "నువ్వేం చూస్తున్నావ్ రా బొమ్మలాగా? ఉల్లిగడ్డ కొయ్యి!"

నాన్న కత్తిపీట ముందు కూర్చున్నాడు. మా నాన్న ఉల్లిగడ్డ కోయడం నేను చూడటం అదే మొదలు. ఒక్కో ముక్క ఒక్కో సైజు. ఆ పూట భోజనం అయ్యేసరికి బాగా ఆలస్యమైంది. అత్త రెండోసారి పప్పు అడిగి వేయించుకుంది. పోయేముందు నన్ను పిలిచి, తన చింతచిగురు పప్పు రాసుకోమంది. చెబుతూ చెబుతూ, "నేను చెప్పినట్టే ఉందా? చదివి వినిపించు," అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. తన మాట కాగితం మీది నుంచి తిరిగి తనకే వినిపించడం ఆమెకు ఎంత ఇష్టమైందో! బడి మాట మళ్ళీ ఎత్తలేదు. సోమవారం నేను బడికి పోయాను.

పరీక్షలు పాసయ్యాను. అమ్మ బాగై ఇంటికొచ్చింది. వచ్చిన రోజు గోడ మీది కాగితాలన్నీ తిరగేసి చదివి, టైరు పేలింది దగ్గర పడీపడీ నవ్వి, ఆ వెంటనే వాళ్ళ నాన్న కాలిన వేళ్ళు పట్టుకుని ఏడ్చింది. నేను ఇంకా చదివి టీచరునయ్యాను. ఎందరో ఆడపిల్లల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ అమ్మానాన్నలతో పోట్లాడి బడికి లాక్కొచ్చాను. ముందు నుంచీ ఉన్న మాట అని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మూత తీసి చూశారా అని అడుగుతాను.

ఇప్పుడు కోదాడలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా కోడలికి రంగు రంగుల బొమ్మల వంట పుస్తకాలంటే పిచ్చి. కథల పుస్తకాల్లా మంచం మీద పడుకుని చదువుతుంది, వాటిలోది ఒక్కటీ వండదు. మనవరాలు ఫోన్‌లో వీడియో పెట్టుకుని వండుతుంది. ఎవరి ముచ్చట వాళ్ళది, నాకేం పేచీ లేదు. మొన్న కోడలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుని వచ్చిన మర్నాడు పొద్దున మా అబ్బాయి, వాడు చెడ్డవాడేం కాదు, ఏదో మామూలు మాటలా అన్నాడు. వాళ్ళమ్మ లేచి తిరిగేదాకా పిల్ల కాలేజీ మానేసి ఇల్లు చూసుకుంటే సరిపోతుంది కదా అని. ఆ పిల్ల భుజాన ఉన్న బ్యాగు మెల్లగా కిందికి దించింది.

నేను వాదించలేదు. లోపలికి పోయి, పెట్టెలోంచి ఆ క్యాలెండర్ల పుస్తకం తీసి, వంటింట్లో మేకుకు తగిలించాను. సుతిలి మార్చాను గానీ కాగితాలు అవే. పప్పు పేజీ తెరిచి, చాకూ తెచ్చి వాడి చేతిలో పెట్టాను.

"ఉల్లిగడ్డ కొయ్యి," అన్నాను.

కోశాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఒక్కో ముక్క ఒక్కో సైజున, అచ్చం మా నాన్నలాగే కోశాడు. పిల్ల బ్యాగు మళ్ళీ భుజాన వేసుకుని కాలేజీ బస్సు అందుకుంది.