అమ్మ దిగని దీవి

మా బాపు భూగర్భ బొగ్గు గనిలో ఉద్యోగ విరమణ పొందిన నెలలోనే ఆయన, అమ్మ, నేను ముగ్గురం లక్షద్వీపాలకు బయలుదేరాము. ఎక్కడికి వెళ్దామని అడిగినప్పుడు ఆయన క్షణమైనా ఆలోచించకుండా, "చుట్టూత నీళ్ళుండాలె బిడ్డా, నడుమ మనముండాలె" అన్నాడు. మా గోదావరిఖనిలో ఓడ ఎక్కినవారెవరూ నాకు పరిచయం లేరు. అందుచేత అడిగి తెలుసుకునే అవకాశం లేకపోయింది. ఇకపై వెళ్ళదలచినవారికి ఉపయోగపడవచ్చునని ఈ వివరాలు రాస్తున్నాను. అయితే వీటిలో నాకే సరిగా అర్థం కానివి కొన్ని ఉన్నాయని ముందుగానే మనవి చేస్తున్నాను.

సాయంత్రం రామగుండంలో కేరళ వెళ్ళే రైలెక్కి మరునాటి సాయంత్రానికి ఎర్నాకుళంలో దిగాము. దారిలో భోజనం అమ్మ చేసి తెచ్చిన సర్వపిండి రొట్టెలే. రాత్రి స్టేషను దగ్గర లాడ్జిలో బస చేసి, ఉదయం రేవుకు వెళ్ళాము. దీవుల్లో అడుగుపెట్టడానికి అనుమతి పత్రం ముందుగానే తీసుకోవాలి. అది చూశాక ఒక్కొక్కరికీ ఫొటో ఉన్న కార్డు ఇస్తారు. ఓడ దిగినా, తిరిగి ఎక్కినా దానిని చూపించాలి.

ఓడలో మా గది కింది అంతస్తులో ఉంది. కిటికీ లేదు. వరండాలన్నీ ఒకేలా ఉండడం వల్ల ఓడకు ముందేదో వెనుకేదో నాకు తెలియలేదు. భోజనశాలకని బయలుదేరి రెండుసార్లు ఇంజను గది తలుపు దగ్గర తేలాను. బాపు మాత్రం గది చూడగానే, "ఇదేంది బిడ్డా, మళ్ళ బొగ్గుబాయిలకే తీస్కచ్చినవ్" అని నవ్వి హాయిగా నిద్రపోయాడు. అమ్మకు రాత్రంతా వాంతులు.

మరునాటి ఉదయం ఎనిమిదింటికి ఓడ ఒక దీవికి కొంత దూరంలోనే ఆగిపోయింది. తీరం దగ్గర లోతు తక్కువట. ఓడ పక్కభాగంలో ఒక తలుపు తెరిచారు. దాని కింద చిన్న పడవలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఓడ సిబ్బంది ప్రయాణికులను చేతులు పట్టి వాటిలోకి దించుతున్నారు. అమ్మ ఒక్కసారి తొంగిచూసి వెనక్కి తగ్గింది.

"గా పడవల నేను కూసోను. మీరు పోయి రాండ్రి."

"ముప్పై ఏండ్లు నేను బాయిల దిగితే భయపడకపోతివి. గీ పడవకు భయమా?" అన్నాడు బాపు.

"భయపడలేదని నీకెవరు చెప్పిన్రు?"

అమ్మ ఆ మాట మామూలుగానే అంది. బాపు నవ్వు మాత్రం ఆగిపోయింది. నన్ను ముందుగా పడవలోకి దించారు. కొంతసేపటికి బాపు దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

దీవి చాలా సన్ననిది. ఇటు సముద్రం చూసి పది నిమిషాలు నడిస్తే అటు సముద్రం వచ్చింది. రెండు వైపులా అవే కొబ్బరిచెట్లు, అదే తెల్లని ఇసుక. ఎటు చూసినా మా ఓడ కనబడవలసిన చోట కనబడలేదు. అడుగున అద్దం బిగించిన పడవలో పగడపు దిబ్బలు చూపించారు. మధ్యాహ్నం సూర చేప కూర, అన్నం పెట్టారు. నాలుగింటికి చివరి పడవ అని ప్రకటించగానే అందరితోపాటు రేవుకు చేరాము.

అక్కడి కాపలా ఉద్యోగి బాపును కార్డు అడిగాడు.

"నా కార్డు మీ అమ్మ దగ్గరుంది" అన్నాడు బాపు నాతో, ఏమీ జరగనట్టు.

నేను నిర్ఘాంతపోయాను. పొద్దున తలుపు దగ్గర తన కార్డు చూపించి, వెంటనే దానిని అమ్మ చేతిలో పెట్టి వచ్చాడట. గనిలో దిగేవాడు తన పేరిట ఉన్న బిళ్ళను పైన ఇచ్చి పోతాడు. తిరిగి వచ్చాక తీసుకుంటాడు. బిళ్ళ పైన ఉన్నదంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు లెక్క. "మనం బయటికి పోయినమని వాళ్ళకు ఎర్క ఉండాలె గద" అన్నాడు. పొరపాటు ఎక్కడుందో నాకు వెంటనే తోచలేదు. ఆయన చెప్పింది సబబుగానే వినిపించింది.

కాపలా ఉద్యోగికి మాత్రం అలా వినిపించలేదు. కార్డు లేనివారిని పడవ ఎక్కించడానికి వీల్లేదని, చీకటి పడకముందే ఓడ కదులుతుందని, మళ్ళీ ఓడ వచ్చేవరకు ఈయన దీవిలోనే ఉండవలసి వస్తుందని హిందీలో చెప్పాడు. పడవలో కూర్చున్న ఒక తెలుగు ప్రయాణికుడు, "జల్ది కానియ్యండి, అలలు పెరుగుతున్నయి" అని కేకేశాడు. నేను ఎక్కాలో, బాపుతో ఉండిపోవాలో తెలియక ఒక కాలు రేవు మీద, ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడ్డాను.

కాపలా ఉద్యోగి వాకీటాకీలో ఓడతో మాట్లాడాడు. మా గదికి వెళ్ళి చూడమన్నాడు. గదిలో ఎవరూ లేరని జవాబు వచ్చింది. ఇంతలో వాకీటాకీలో గరగర మధ్య ఒక గొంతు వినిపించింది.

"నేనియ్య. ఆయన బిళ్ళ నీకెందుకిస్త?"

అమ్మ! పొద్దుటి నుంచి దీవి వైపు చూస్తూ ఆ తలుపు దగ్గరే ఉన్నదట. ఓడ అధికారి కార్డు అడిగితే ఇవ్వడం లేదట.

బాపు వాకీటాకీ అందుకున్నాడు. "రాజవ్వా, గా సారుకియ్యి."

"నువ్వచ్చినంక నీకే ఇస్త."

"అదిస్తేనే నన్ను రానిస్తరే!"

"నువ్వు రాకుంట ఎట్లిస్త? నువ్వే చెప్పినవ్ గద, ఎవ్వలకియ్యొద్దని."

ఇటు కార్డు లేనిదే మనిషిని పంపరు, అటు మనిషి రానిదే కార్డు ఇవ్వదు. కాపలా ఉద్యోగి, ఆమె ఏమంటోందని నన్ను అడిగాడు. జవాబు చెప్పే బదులు వాకీటాకీ నేనే తీసుకుని, "అమ్మా, ఇయ్యకు. చేతిల పట్టుకొనే చూపియ్యి" అన్నాను.

తరువాత అధికారి కార్డు మీది సంఖ్యను, పేరును చదివాడు. ఆమె రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నందువల్ల ఫొటోలో సగం ముఖమే కనిపిస్తోందని, ఆ సగంలో తెల్ల మీసం ఉందని చెప్పాడు. కాపలా ఉద్యోగి బాపు మీసం వంక చూశాడు. మొదటిసారి నవ్వి, దారి వదిలాడు.

ఓడ తలుపు దగ్గర అమ్మ అలాగే నిలబడి ఉంది. బాపు రెండు కాళ్ళూ లోపల పెట్టేదాకా చూసి, కార్డు ఆయన జేబులో పెట్టింది. ఆ రాత్రి ప్రయాణంలో మొదటిసారిగా కడుపునిండా భోజనం చేసింది.

తిరుగు ప్రయాణంలో వరంగల్ దగ్గర మంచిర్యాలకు వెళ్ళే ఒకామె మా పెట్టెలో ఎక్కింది. దీవికి వెళ్ళి వస్తున్నామని తెలిసి, "ఎట్లుంటదక్కా అక్కడ?" అని అమ్మను అడిగింది. అమ్మ ఓడ దిగలేదని చెప్పబోయాను. అమ్మ అప్పటికే మొదలుపెట్టింది.

"పొద్దుగాల నీళ్ళు పాలోలె తెల్లగుంటయి. పగటి యాళ్లకు పచ్చగైతయి. ఒడ్డుకు ఒక చెట్టు నీళ్ళ మీదికే వంగి ఉన్నది, దాని కింద ఇద్దరు ముసలోళ్ళు వల అల్లుతాన్రు. ఎర్ర పడవొకటి, నీలం పడవొకటి. ఎర్రది వచ్చినప్పుడల్ల పిట్టలు లేస్తయి..."

ఒక పగలంతా ఆ దీవి మీద తిరిగిన నేను ఆ చెట్టును చూడలేదు, వల అల్లేవారిని చూడలేదు. ఆ యాత్ర గురించి చివరికి ఏమి రాయాలన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. పై బెర్తు మీద పడుకున్న బాపు మాత్రం లేచి కిందికి వచ్చి, అమ్మ ఎదుట కూర్చున్నాడు.

"ఇంకేం చూసినవే?" అని అడిగాడు.