గద్వాల షెడ్డులో పట్టపగలు చీకటి

ఉదయం ఆరింటికి నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కాను. గద్వాలలో చేనేత సంఘం కట్టిన మగ్గాల షెడ్డుకు ఆ రోజు ప్రారంభోత్సవం. దానికి ప్లైవుడ్డుతో నమూనా చేసి ఇచ్చింది నేనే. ఓవర్సీరుగా రిటైరయ్యాక ఒక వేసవంతా దాన్ని మా మిద్దె మీద ఎండలో పెట్టి, లోపల థర్మామీటరు వేలాడదీసి, కప్పు రంధ్రాలు మార్చి మార్చి చూశాను. ఉత్తరాన పెద్ద కిటికీలు, పైన గవాక్షాలు, కప్పుకు తెల్లసున్నం ఉంటే పగలు లైటు, ఫ్యాను లేకుండా మగ్గం ఆడుతుందని సంఘంవాళ్లకు చూపించి వచ్చాను.

వనపర్తిలో బస్సు మారాలి. స్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తినవచ్చు, చాయ్ మాత్రం వద్దు. గద్వాల బస్సులో పక్కన మానవపాడు రైతు కూర్చున్నాడు. షెడ్డు సంగతి చెప్పాను.

"మా దిక్కు పగలు కరెంటే ఉండదు పెద్దాయనా. మీ షెడ్డుకైన ఉంటదా?"

"దానికి కరెంటు అక్కర్లేదు" అన్నాను గర్వంగా.

బీచుపల్లి వంతెన కింద కృష్ణ సన్నగా పారుతోంది. పదిన్నరకు గద్వాల చేరాం.

షెడ్డు చూడగానే ఒళ్లు మండింది. కప్పంతా సిమెంటు స్లాబు. ఒక్క గవాక్షం లేదు. కిటికీలు జానెడు. లోపల వరసగా ట్యూబులైట్లు, ఫ్యాన్లు. గుమ్మం దగ్గర బల్ల మీద నా నమూనాకు బంతిపూల దండ వేసి, లోపల సీరియల్ బల్బులు పెట్టారు!

"ఇదేం పని?" అని సంఘం అధ్యక్షుణ్ణి నిలదీశాను.

"పైన బొందలు పెడితే వానకు ఉరుస్తదన్నరు పెద్దసారూ. మీ బొమ్మయితే జబర్దస్త్ ఉన్నది" అన్నాడు నవ్వుతూ.

నేత చూపించడానికి, నేలలో గుంత తవ్వి బిగించిన గుంట మగ్గంలో నేతగాడు నర్సప్పను కూర్చోబెట్టారు. వెలుతురు ఎటునుంచి పడాలో నేను తెలుసుకున్నది ఆయన ఇంట్లోనే. మెల్లగా అన్నాడు: "షెడ్డుకొస్తెనే నూలు ఇస్తరంట సార్. ఇంట్ల మగ్గం గుంత పూడ్చుమంటుండ్రు."

హైదరాబాదు నుంచి అతిథిగా వచ్చిన చేనేత శాఖ అధికారి రిబ్బను కత్తిరించి ఫ్యాన్లు వేయించాడు. గాలికి గంజి పెట్టిన పడుగు ఎండి, పోగులు పుటుక్కుమన్నాయి.

"బంద్ చేయుండ్రి!" అని నర్సప్ప అరిచాడు. ఫ్యాన్లు ఆపేశారు. ఆయన తెగిన పోగులు ముడివేస్తుండగానే కరెంటు పోయింది. పట్టపగలు మనిషికి మనిషి కనబడలేదు.

"జర ఆగు నర్సప్పా, వస్తది" అన్నాడు అధ్యక్షుడు.

"వచ్చేదాంక ఏం జెయ్యాలె? నువ్వు పండ్లికిలిస్తె ఆ వెలుగుల నెయ్యాల్నా?"

చీకట్లో నేతగాళ్లంతా గొల్లున నవ్వారు.

అతిథికి నేత చూపించక తప్పదు. పక్క వీధిలోని నర్సప్ప ఇంటికి అందరం నడిచాం. కప్పులోని గవాక్షం నుంచి వెలుతురు సరిగ్గా చీర అంచు మీద పడుతోంది. "ఎంత బాగుంది!" అన్నాడు అతిథి. షెడ్డుకు నేను అడిగింది ఇదేనని చెప్పాను. తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు. తిరిగి షెడ్డు ముందుకు వచ్చి, వేదికెక్కి, షెడ్డుకు డీజిల్ జనరేటరు మంజూరు చేస్తున్నానని ప్రకటించాడు. చప్పట్లు!

నేను అందరి ముందే ఆ బల్బుల తీగ పీకి బల్ల మీద పడేసి, నమూనాను చంకన పెట్టుకుని బయటికి నడిచాను.

బస్టాండు దాకా నర్సప్ప వచ్చాడు.

"గుంత పూడ్చకు" అన్నాను.

"పూడ్చ సార్. నూలు బంద్ చేస్తె షావుకారి కాడ కూలికి నేస్త. చీకట్ల మాత్రం కూసోను."

సంఘం నూలుతో సొంతంగా నేసుకునే మనిషి కూలికి దిగాలి. ఎందుకు? ఎండ ఊరికే వస్తుంది కనుక ఎవరికీ లెక్కలేదు.

తిరుగు బస్సులో కండక్టరు నమూనాను చూసి, "ఏంది తాతా, పావురాల గూడా?" అన్నాడు. ఒళ్లో పెట్టుకున్న ఆ గూట్లోకి సాయంత్రపు ఎండ వనపర్తి దాకా పడుతూనే ఉంది.

గద్వాల వెళ్లేవారు నర్సప్ప ఇల్లు తప్పక చూడండి. షెడ్డు కూడా చూడండి. మిట్టమధ్యాహ్నమే వెళ్లండి గానీ, టార్చిలైటు మరవకండి.