గీత కలిసేదాకా

అమీర్‌పేటలో మాకు జావా చెప్పడానికి వచ్చిన సారుకు ఒక అలవాటు ఉండేది. ఏం చెప్పాలన్నా ముందు చూపుడువేలితో గాలిలో నెమ్మదిగా సున్నా చుట్టేవారు. అది పూర్తయ్యాకే మాట బయటికి వచ్చేది.

ఆ రోజు ఉచిత డెమో క్లాసు. తగినంతమంది చేరకపోతే బ్యాచ్ వేరే సారుకు ఇచ్చేస్తానని ఇన్‌స్టిట్యూట్ యజమాని గుమ్మంలోనే ఆయనతో అనడం అందరం విన్నాం. సారు మాటిమాటికీ తలుపువైపు చూస్తున్నారు. కంప్యూటర్ తెరమీద వృత్తం కొంచెం కొంచెంగా గీసుకుంటూ వస్తుందని చెప్పి బటన్ నొక్కారు. విండో బిగుసుకుపోయింది. కాసేపటికి వృత్తమంతా ఒక్కసారే ఊడిపడింది.

"గిదేంది సార్, మీ బొమ్మ హ్యాంగయింది!" అన్నాను. అందరూ నవ్వారు.

"ఆగండి బాబూ, అదే చెప్పబోతున్నా," అంటూ ఆయన వేలెత్తారు. సున్నా సగంలో ఉండగానే నేను లేచాను. "చలో భాయ్, పంజాగుట్టల ఇంకో డెమో ఉన్నది." నా వెనకే గది దాదాపు ఖాళీ అయింది.

మరిచిపోయిన హెల్మెట్ కోసం తిరిగి వెళ్లాను. మిగిలిన ఒకే ఒక్క అమ్మాయికి ఆయన చెబుతున్నారు. "ముక్కముక్కకీ కాసేపు ఆగమని గీసే పనికే చెబితే విండో మొత్తం ఆగిపోతుందమ్మా. అందుకే ముందు తప్పు చూపించాను. ఇప్పుడు ఆ ఆగే పని టైమర్‌కు అప్పగించాం, చూడు." తెరమీద గీత నిదానంగా వంపు తిరుగుతోంది. నన్ను చూసి ఆశగా, "రండి బాబూ, ఇప్పుడు వస్తోంది," అన్నారు.

హెల్మెట్ తీసుకుని వచ్చేశాను. ఆ బ్యాచ్ ఆయనకు దక్కలేదు.

ఇన్నేళ్లూ నేను చెప్పిన 'హ్యాంగ్ సారు' కథకు నవ్విన మిత్రులారా, ఆయన ఆ తప్పు తెలియక చేయలేదు, మాకు చూపించడానికి చేశారు. గీత చుట్టూ తిరిగి కలిసేదాకా నేనే నిలబడలేదు.