చెంచా కూడా రాని హీరో డ్రెస్సు

సినిమాల్లో హీరోలు నిజంగా వేసుకున్న సూపర్‌హీరో డ్రెస్సులు సేకరించడం నా పిచ్చి. ఈ సాయంత్రం చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చేసరికి, అమ్మ గుమ్మంలో గిన్నెలమ్మే ఆమెకు పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు బేరమాడుతోంది. ఆ బట్టల కుప్ప మీద నా ఎర్ర డ్రెస్సు!

"అక్కా, అది హీరో ఏసుకున్నది! ఫైటింగ్‌ల చినిగింది!" అని అరిచాను.

గిన్నెలమ్మే ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "ఎవలు ఏసుకుంటేంది అన్నా, చినిగినదానికి చెంచ గూడ రాదు," అని నా మీదికి విసిరేసింది.

పరువు పోయినా ప్రాణం లేచొచ్చింది. డ్రెస్సు హత్తుకుని లోపలికి పోతుంటే, అమ్మ కొత్త గిన్నె చూపించి ఓదార్చింది.

"పరేషాన్ గాకు బిడ్డా, నువ్వు ఏసుకున్న పాత అంగీకి ఇది వచ్చింది."

ఇప్పుడు చెప్పండి, అసలు హీరో ఎవరు?